ఎలుక పోయినా బొరియ పోదు



ఈ పూట మీతో మాట్లాడదలచినది బొరియల గురించి. బొరియ అనగానే ఎలుక గుర్తుకు వస్తుంది. ‘ఎలుక మందు సంగతి చెబుతాడు, అది మనకు తెలిసినదే కదా’ అని మీరు అనుకోవచ్చు. మందు సంగతి కూడా చెబుతాను. కాని ముఖ్యంగా చెప్పదలచినది అది కాదు. నేలను తవ్వి కాపురం చేసిన ప్రాణి వెళ్ళిపోయిన తరువాత ఆ నేలలో ఏమి మిగులుతుంది? మిగిలినది మనకు ఏ మేలు చేస్తుంది, ఏ కీడు చేస్తుంది? ఇదీ నేటి విషయం. ఈ పాఠం డిప్లొమా చదువుకునే రోజుల్లో పుస్తకంలో చదివినాను. అప్పుడు ఒంటబట్టలేదు. ఒక కౌలు రైతు చేలో, నా పొరపాటు వల్ల ఒంటబట్టింది. ముందుగా ఆ సంగతి చెబుతాను.

నేను పనిచేసే డెల్టా గ్రామాలలో ఒక పెద్దాయన మూడెకరాలు కౌలుకు చేస్తున్నాడు. ఆయన చేనుకు ఒక ప్రక్కన మురుగు బోదె, దానికీ చేనుకూ మధ్య గట్టు. ఆ ఏడు సార్వాలో గట్టు నిండా ఎలుక కలుగులే. నాట్లు వేసి నెల దాటేసరికి ఎలుకలు పిలకలు కొరకడం మొదలుపెట్టినవి. పెద్దాయన కబురు పెట్టినాడు, నేను వెళ్ళినాను. ఇద్దరం కలిసి పద్ధతి ప్రకారమే చేసినాము. సాయంత్రం కన్నాలన్నీ మూసినాము. మరునాడు తెరుచుకున్న వాటిలో మందు పొట్లాలు పెట్టినాము. పది రోజులు ఆగి మళ్ళీ కన్నాలన్నీ మూసి చూస్తే ఒక్కటి కూడా తెరుచుకోలేదు. నాకు చాలా సంతోషం కలిగింది. ఒక్కొక్క కన్నం మీద పారెడు మట్టి వేయించి, మడమతో తొక్కించి, “ఇక మీకు బెంగ లేదు బాబాయి గారూ” అని చెప్పి వచ్చినాను.

అట్లతద్ది వెళ్ళిన వారానికి వాయుగుండం పట్టింది. రెండు రోజులు ముసురు. మురుగు బోదె నిండి చేను మట్టానికి పైన పారుతున్నది. మూడవనాడు తెల్లవారేసరికి గట్టుకు గండి పడి, బోదెలోని నీరంతా చేలోకి వచ్చింది. నీరు గట్టు మీదుగా పొర్లలేదు సుమండీ. గట్టు తల ఇంకా జానెడు పైనే ఉన్నది. నీరు గట్టు కడుపులోనుంచి వచ్చింది. వరి అప్పుడు పాలుపోసుకునే దశలో ఉన్నది. అయిదు రోజులు నీటిలో నానిన ఎకరంన్నర చేను పడిపోయి, గింజ తాలుగా పోయింది. పంట పోయినా కౌలు బస్తాలు కొలవక తప్పలేదు ఆయనకు.

నీరు తీసిన తరువాత గండి దగ్గర నిలబడి చూసినాము. కత్తితో కోసినట్లు తెగిన గట్టు అంచున, బొరియ సగం గొట్టంలాగా కనబడుతున్నది. నేను తొక్కించిన మట్టి దాని నోటి దగ్గర జానెడు వరకే ఉన్నది. ఆ వెనుక బారెడు పొడవున బొరియ యథాప్రకారం ఖాళీగా ఉన్నది. పెద్దాయన నన్ను కోప్పడలేదు. “ఎలుకను చంపినారు బాబూ, దాని ఇల్లు మాత్రం అట్లాగే వదిలేసినాము. నీళ్ళకు ఆ దారి చాలింది” అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో మ్రోగుతూ ఉంటుంది. మడమతో తొక్కించినది నేను. ఆ తప్పు నాది.

సోదరులారా, ఇందులో ఉన్న సూత్రం చిన్నది. ప్రాణి పోవడం వేరు, ప్రాణి తవ్విన దారి పోవడం వేరు. మందుకు ప్రాణి పోతుంది. దారి పోవాలంటే పార పట్టవలెను.

బొరియ ఎంతకాలం ఉంటుందో తెలుసుకోవాలంటే నేలలో గొయ్యి తవ్వి చూడండి. భూసార పరీక్షల వారు నిలువుగా గొయ్యి తవ్వి, నేల పొరలను పరీక్షించడం మీరు చూసే ఉంటారు. పైన ముదురు రంగు మట్టి, క్రింద లేత రంగు మట్టి ఉంటాయి. ఒక్కొక్కచోట ఆ లేత పొర మధ్యలో గుండ్రంగా, చారెడంత నల్లని మచ్చ కనబడుతుంది. పై మట్టి అంత లోతుకు ఎట్లా వచ్చింది? ఎప్పుడో ఒక ప్రాణి అక్కడ బొరియ తవ్వింది. అది పోయింది. వానలకు పై మట్టి జారి ఆ బొరియను నింపింది. నింపిన మట్టి రంగు వేరు, గట్టితనం వేరు. గునపం కొనతో గుచ్చితే చుట్టూ ఉన్న నేల కన్న అక్కడ మెత్తగా దిగుతుంది. రష్యా దేశపు గడ్డి మైదానాలలోని నల్ల నేలలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు ఇటువంటి మచ్చలకు ‘క్రొటోవినా’ అని పేరు పెట్టినారు. ఆ మాటను ఇప్పుడు అన్ని దేశాల నేల శాస్త్రజ్ఞులూ వాడుతున్నారు. అయితే అన్ని నేలల్లోనూ జాడ ఒకే విధంగా నిలవదు. ఎండకు బీటలు వారి, వానకు ఉబ్బే నల్లరేగడిలో మట్టి తనంత తానే కలిసిపోతూ ఉంటుంది కనుక జాడ తొందరగా చెరిగిపోతుంది. అంతగా కదలని నేలల్లో చాలాకాలం నిలుస్తుంది.

చాలాకాలం అంటే ఎంత? ఒక్క ఉదాహరణ చెబుతాను. మన సముద్రపు ఒడ్డున ఇసుకలో పీతలు బొరియలు చేయడం అందరమూ చూసినదే. అటువంటి బొరియలోకి వేరే రంగు ఇసుకో, ఒండ్రో దిగి, పైన పొరలు పేరుకొని, కాలక్రమాన అంతా రాయిగా మారితే, ఆ బొరియ ఆకారం రాతిలో అచ్చుపడి ఉండిపోతుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు వీటిని జాడ శిలాజాలు అంటారు. కెనడా దేశంలో న్యూఫౌండ్‌లాండ్ అనే దీవి ఉన్నది. అక్కడ ఫార్చూన్ హెడ్ అనే చోట, సముద్రపు ఒడ్డు రాతి పొరలలో, పురుగు వంటి ఒక చిన్న ప్రాణి తొలిచిన దారులు ఉన్నవి. వాటి వయస్సు సుమారు 54 కోట్ల సంవత్సరాలు. 1992వ సంవత్సరంలో శాస్త్రజ్ఞులు భూమి చరిత్రలో కేంబ్రియన్ యుగం ఎక్కడ మొదలవుతుందో గుర్తు పెట్టడానికి ఆ దారులనే ఆధారంగా తీసుకున్నారు. వాటిని తొలిచిన ప్రాణి శరీరం ఇంత కూడా మిగలలేదు. అది నడిచిన దారి మాత్రం రాతిలో నిలిచిపోయింది. సముద్రపు బురదలోని దారి అన్ని కోట్ల ఏళ్ళు నిలిచినప్పుడు, మన గట్టులో బొరియ రెండు నెలలు నిలవడంలో ఆశ్చర్యమేమున్నది?

ఇంతవరకు కీడు చెప్పినాను. మేలు చేసే జాడలు కూడా ఉన్నవి. వాటిని చెడగొట్టరాదు.

వానకాలంలో తోటల్లో, గట్ల వారన, తడి నేల మీద సన్నని మట్టి ఉండలు కుప్పలుగా కనబడతాయి. అవి వానపాములు విసర్జించిన మట్టి. కొన్నిచోట్ల వీటిని ఎర్రలు అంటారు. ఎర్రలు మట్టినీ, కుళ్ళిన ఆకులనూ తిని, క్రింది మట్టిని పైకి తెచ్చి పెడతాయి. ఇంగ్లండులో చార్లెస్ డార్విన్ అనే మహాశాస్త్రజ్ఞుడు ఈ పనిని ఎంత ఓపికతో కనిపెట్టినాడో వినండి. ఆయన 1842లో తన ఇంటి దగ్గరి పచ్చిక నేల మీద సుద్ద ముక్కలు చల్లించినాడు. చల్లించి ఊరుకున్నాడు. 29 సంవత్సరాల తరువాత, 1871లో, అక్కడ కందకం తవ్వించి చూసినాడు. సుద్ద ముక్కలు తెల్లని గీతలాగా 7 అంగుళాల లోతున కనబడినవి. వాటిని ఎవరూ పాతిపెట్టలేదు. ఎర్రలు క్రింది మట్టిని కొంచెం కొంచెంగా పైకి తెచ్చి పోస్తూ ఉంటే, సుద్ద క్రిందికి దిగిపోయింది. ఆ దేశంలో చాలాచోట్ల ఎకరం నేలలో ఏటా 10 టన్నులకు పైగా మట్టి ఎర్రల కడుపులోనుంచి పైకి వస్తున్నదని ఆయన లెక్కకట్టి, 1881లో పుస్తకం వ్రాసినాడు.

ఎర్ర చేసిన సన్నని దారి గుండా వాన నీరు నేలలోకి దిగుతుంది, గాలి ఆడుతుంది. మొక్క వేరు కూడా గట్టి మట్టిని తొలచడం మాని, ఆ దారి వెంట సులువుగా పోతుంది. గట్టులో మనకు పనికిరాని దారే తోటలో మనకు పనికివచ్చినది చూడండి. అందుకే తోటల్లో, కూరమళ్ళలో ఎర్రల కుప్పలు కనబడితే సంతోషించండి. పశువుల ఎరువు, ఆకు చెత్త వేసి వాటికి తిండి పెట్టండి. అవసరం లేని మందులు నేలలో పోయకండి.

ఇక చెదల పుట్ట. చెదలు లోతు నుంచి మెత్తని బంకమట్టి తెచ్చి పుట్ట కడతాయి. అందుకే పుట్టమన్నుకు మన ఊళ్ళలో అంత విలువ. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు తన బృహత్సంహితలో, చెట్లతోపాటు పుట్టలను కూడా భూమిలో నీటి జాడకు గుర్తులుగా చెప్పినాడు. నేల లోపలి సంగతిని పైకి తెచ్చిన మట్టి చెబుతుందని మన పెద్దలు ఏనాడో గమనించినారన్న మాట. అయితే పుట్టను చూసి బావి తవ్వమని నేను చెప్పడం లేదు. ఇప్పుడు భూగర్భ జల శాఖ వారి పరీక్షలు ఉన్నవి, వారిని అడిగి తవ్వండి. కాని చెరువు కట్ట మీద, కాలువ గట్టు మీద పుట్ట లేచినదంటే లోపల ఖాళీ గదులు ఉన్నాయని అర్థం. దానిని తేలికగా తీసుకోకండి.

ఇప్పుడు మీ గట్టు దగ్గరకు వద్దాం. కన్నం కనబడగానే మందు కోసం పరుగెత్తకండి. ముందు అది ఎవరిదో చదవండి. పశువు అడుగు చూసి అది ఎటు పోయిందో చెప్పేవాళ్ళకు ఇది పెద్ద కష్టం కాదు.

కన్నం ముందర పొడిపొడిగా కొత్త మట్టి పోగుపడి ఉంటే, దగ్గరలో పిలకలు ఏటవాలుగా కొరికి పడి ఉంటే, అది ఎలుకది. మన వరి పొలాల్లో గట్లను ఎక్కువగా తొలిచేది కొక్కు జాతి ఎలుక. అది లోపల ఉన్నప్పుడు తరచు నోటిని మట్టితో మూసుకుంటుంది. కనుక మూసి ఉన్నది కదా అని ఖాళీ అనుకోవద్దు. లోపల పిల్లలు పెట్టే గది, వెన్నులు దాచుకునే కొట్లు ఉంటాయి. పారిపోవడానికి వేరే దారి ఒకటి తవ్వి, పైన పలచని మట్టి పొర మాత్రం ఉంచుతుంది. బొటనవేలు పట్టేంత చిన్న కన్నం అయితే చిట్టెలుకది కావచ్చు.

కన్నం నీటి అంచున ఉండి, నోటి చుట్టూ తడి మట్టి బెడ్డలు పేర్చినట్లు ఉంటే, అది ఎండ్రకాయది. ఎండ్రకాయకు తడి లేనిదే గడవదు. నీటి మట్టం తగ్గిన కొద్దీ అది బొరియను లోతుకు తవ్వుకుంటూ పోతుంది. దీనికి ఎలుక మందు పెట్టడం డబ్బు దండుగ. మడిలోని నీరు కారణం లేకుండా తగ్గిపోతున్నదంటే ముందు ఎండ్రకాయ కన్నాలను వెదకండి.

కన్నం నోటికి సాలెగూడు కట్టి ఉంటే, ఎలుక వాడడం మానేసిందని గుర్తు. ఖాళీయే కదా అని చెయ్యి పెట్టేరు! ఎలుక వదిలిన బొరియలో నాగుపాము, రక్తపింజర చేరడం కద్దు. ఒకరు తవ్విన ఇంట్లో మరొకరు కాపురం పెడతారు. ఏ బొరియలోనూ వట్టి చెయ్యి పెట్టకండి. కర్రతోనో, పారతోనో ముందు కదిలించండి. తడి గట్లు తవ్వేటప్పుడు కాళ్ళకు బూట్లు, చేతులకు తొడుగులు వేసుకోండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల ఎలుక జ్వరం వచ్చే ప్రమాదం ఉన్నది. కాళ్ళకు, చేతులకు పుండ్లు ఉన్నవారు ఆ పని చేయకపోవడమే మంచిది.

ఎవరి బొరియో తెలిసినది. ఇక చేయవలసిన పని చెబుతాను.

మొదటిది, సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూయండి. మరునాడు ఉదయం తెరుచుకున్నవే ఎలుకలున్న బొరియలు. వాటి ప్రక్కన పుల్ల గుచ్చి గుర్తు పెట్టండి. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు వంటనూనె, 2 పాళ్ళు 0.25 శాతం బ్రోమోడయోలోన్ మందు కలిపి, సుమారు 15 గ్రాముల చొప్పున పొట్లాలు కట్టి, బొరియకు ఒకటి చొప్పున లోపలికి నెట్టండి. మందు కలిపేటప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి. పిల్లలను, కోళ్ళను, కుక్కలను దగ్గరకు రానివ్వకండి. చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పాతిపెట్టండి. ఎలుక బుట్టలు పెట్టేవారు మీ ఊళ్ళో ఉంటే వారిని పిలవండి. బొరియను చదవడంలో వారి కన్ను మనకు లేదు. ఈ పని ఒక్క చేలో చేస్తే ప్రయోజనం తక్కువ. ప్రక్క చేలోని ఎలుక మీ చేలోకి వస్తుంది. ఆయకట్టు రైతులందరూ ఒకే రోజున చేయవలెను.

రెండవది, నేను ఆనాడు చేయనిది. ఎలుకలు పోయినవని రూఢి అయిన తరువాత, గట్టుకు ఆనుకొని నీరు లేని సమయంలో, బొరియ వెంట పారతో తవ్వుకుంటూ పోండి. వంపు తిరిగితే మీరూ తిరగండి. గదులు, కొట్లు, పారిపోయే దారి అన్నీ బయటపడేవరకు, చుట్టూ గట్టి నేల తగిలేవరకు తవ్వండి. తరువాత చెమ్మగా ఉన్న బంకమట్టిని నాలుగు వేళ్ళ మందాన వేసి దిమ్మిసతో కొట్టండి. మళ్ళీ నాలుగు వేళ్ళ మందం, మళ్ళీ దిమ్మిస. గట్టు తల వరకు ఇట్లాగే రావాలి. గడ్డి, కంప, దుబ్బులు లోపల వేయవద్దు. అవి కుళ్ళితే మళ్ళీ ఖాళీ ఏర్పడుతుంది. పొడి మట్టి, ఇసుక వేస్తే నీరు కడిగివేస్తుంది. దీనికి మంచి అదను వేసవి. దమ్ముకు ముందు ఎటూ గట్లు చెక్కుతారు కదా, అప్పుడే ఈ పని కూడా కలుపుకోండి. లోపలి గట్లను అవసరానికి మించి వెడల్పుగా ఉంచకండి. లావు గట్టు ఎలుకకు మేడ వంటిది. అడుగు వెడల్పు ఉంటే అది అంత సుఖంగా కాపురం చేయలేదు.

మూడవది, వానలో గట్టు నుంచి ఊట కనబడితే ఏమి చేయాలి? ముందు ఆ నీటి రంగు చూడండి. తేటగా వస్తుంటే కనిపెట్టి ఉండండి. బురదగా వస్తుంటే లోపల మట్టి కొట్టుకొని పోతున్నదని, దారి పెద్దదవుతున్నదని అర్థం. అప్పుడు ఆలస్యం పనికిరాదు. నీరు బయటకు వచ్చే చోట మట్టి కుక్కితే నిలవదు. నీరు లోపలికి పోయే నోటిని వెదకండి. అక్కడ నీటి మీద చిన్న సుడి కనబడవచ్చు, గడ్డి పరకలు వేస్తే అటు లాక్కొని పోవచ్చు. ఆ వైపున మట్టి బస్తాలు దించి మూయండి. నీరు ఆని ఉన్నప్పుడు గట్టును మాత్రం తవ్వకండి. చెరువు కట్ట, పెద్ద కాలువ గట్టు అయితే స్వంత ప్రయత్నం వద్దు. వెంటనే జలవనరుల శాఖ వారికి, పంచాయతీకి కబురు చేయండి. కట్ట తెగితే పోయేది ఒక్క చేను కాదు, ఊరు.

గ్రామాలలో పనిచేసే నా తోటి ఉద్యోగులకు కూడా ఒక మనవి. ఎలుకల నివారణ అని పుస్తకంలో వ్రాసుకునేటప్పుడు, ఎన్ని బొరియల్లో మందు పెట్టించినామో వ్రాస్తాం. ఎన్ని బొరియలు తవ్వి దిమ్మిస వేయించినామో కూడా ఆ ప్రక్కనే వ్రాద్దాం. అది వ్రాసేవరకు పని పూర్తి అయినట్లు కాదు.

మరుసటి వేసవిలో నేను ఆ పెద్దాయన చేనుకు వెళ్ళినాను. ఇద్దరం కలిసి ఆ గట్టు పొడవునా పాత బొరియలు తవ్వినాము. పదమూడు బయటపడినవి. నా లెక్కలో అన్నీ పోయినవే! ఒక కొట్టులో నల్లబడిన వడ్ల వెన్నులు దోసెడు దొరికినవి. ఆయన వాటిని చేతిలోకి తీసుకొని, “మన గింజలే బాబూ” అని నవ్వినాడు. సాయంత్రం వరకు దిమ్మిస వేసినాము. ఆయనకు పోయిన బస్తాలు నేను తెచ్చి ఇవ్వలేను. ఆ నష్టం మరొక రైతుకు రాకుండా ఈ నాలుగు మాటలు మాత్రం చెప్పగలను.

రేపు ఉదయం చేనుకు వెళ్ళినప్పుడు గట్టు మీద ఒక్కసారి నెమ్మదిగా నడవండి. ప్రతి కన్నం దగ్గరా ఆగి, ఇది ఎవరిది, ఉన్నదా పోయిందా, పోతే లోపల ఏమి మిగిలింది అని అడగండి. జవాబు మట్టిలోనే ఉంటుంది.